మెల్లగా కదిలే అరగంట: డిమెన్షియా ఉన్నవాళ్లకు ఆన్‌లైన్ క్లాసు ఏం చేస్తుంది, ఏం చేయదు

ఒంగోలులోనో నెల్లూరులోనో ఒక ఇంటి పెద్దాయనకు డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు, ఉందని డాక్టరు తేల్చాక, వారం తిరక్కుండానే ఆ ఇంటి వాట్సాప్ గ్రూపులో వీడియోలు మొదలవుతాయి. బెంగళూరులో ఉన్న కొడుకు ఒకటి పంపుతాడు, డల్లాస్‌లో ఉన్న కూతురు ఇంకొకటి. వ్యాయామం చేసేవాళ్లకు ఈ జబ్బు రాదని ఒక వీడియో. వ్యాయామంతో పోయిన జ్ఞాపకం తిరిగొస్తుందని ఒకటి. జూమ్‌లో కుర్చీలో కూర్చుని చేతులూ కాళ్లూ మెల్లగా కదిపే క్లాసు ఉంది, అమ్మానాయనలిద్దరినీ చేర్చుదామని మరొకటి. వినడానికి మూడూ ఒకటే మాటలా ఉంటాయి. నిజానికి మూడూ వేర్వేరు, వాటి వెనక ఉన్న ఆధారాలూ వేర్వేరు. విడదీసి చూసుకోకుండా చేరిన కుటుంబం రెండు నెలలయ్యాక ‘ఏం మార్పు లేదే’ అని మానేస్తుంది. ఈ క్లాసులో మార్పు వచ్చే చోటు వేరు, వాళ్లు చూస్తూ కూర్చున్న చోటు వేరు.

మొదటి మాటలో నిజం ఉంది. కాకపోతే అది పెద్దాయనకంటే వీడియో పంపిన పిల్లలకే ఎక్కువ పనికొస్తుంది. లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మార్చుకోగలిగిన 14 కారణాలను చిన్న వయసు నుంచీ అదుపులో ఉంచితే ప్రపంచంలోని డిమెన్షియాలో దాదాపు 45 శాతం రాకుండా ఆపొచ్చు, లేదా ఆలస్యం చేయొచ్చు. ఒంటికి కదలిక లేకపోవడం వాటిలో ఒకటి. బీపీ, షుగరు, వినికిడి తగ్గడం, పొగతాగడం, చదువు అందకపోవడం, ఒంటరితనం లాంటివి మిగతావి. ఇది జనం మొత్తానికి వేసిన లెక్క. ఒక్క మనిషికి ఇచ్చిన హామీగా దాన్ని చదవకూడదు. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. పట్టణాల్లోకంటే పల్లెల్లో, మగవాళ్లలోకంటే ఆడవాళ్లలో ఎక్కువగా ఉందని కూడా అది చెప్పింది. బతుకంతా నడుం వంచి పనిచేసిన పల్లెటూరి ఆడవాళ్లకే ఎక్కువగా వస్తుంటే, ‘నడవలేదు కాబట్టి వచ్చింది’ అని ఏ అవ్వనూ నిందించే హక్కు మనకు లేదు.

రెండో మాట దగ్గరే జాగ్రత్త పడాలి. బ్రిటన్‌లో డాపా అనే పెద్ద ప్రయోగం జరిగింది. ఫలితాలు 2018లో బీఎంజే పత్రికలో వచ్చాయి. తక్కువ నుంచి మధ్యస్థ దశ డిమెన్షియా ఉన్న 494 మందిని తీసుకుని, కొందరి చేత నాలుగు నెలలపాటు బాగా శ్రమ పడే వ్యాయామం చేయించారు. సైకిల్ తొక్కడం, బరువులు ఎత్తడం లాంటివి. ఒంట్లో దారుఢ్యం పెరిగింది. జ్ఞాపకం, ఆలోచన మాత్రం మెరుగు పడలేదు. ఏడాది తర్వాత కొలిస్తే వ్యాయామం చేసినవాళ్ల మార్కులు మిగతావాళ్లకంటే కొంచెం తగ్గాయి కూడా. ఆ తేడా చిన్నది, దాన్ని చూసి వ్యాయామం చెడ్డదని భయపడనక్కర్లేదు. అయితే ‘ఈ క్లాసులో చేరితే మతిమరుపు తగ్గుతుంది’ అని ఎవరైనా డబ్బు అడిగితే, ఆ మాటకు ఆధారం లేదని ధైర్యంగా చెప్పొచ్చు. అలాంటి ప్రకటన కనపడితే అక్కడే ఆగిపోండి. డాక్టరు రాసిన మందులు ఆపి క్లాసులు చేయమనేవాళ్లు దొరికితే ఇంకా దూరంగా ఉండండి.

ఇక మూడోది, ఈ వ్యాసం అసలు విషయం. మెల్లని కదలికల క్లాసుకు లక్ష్యమే వేరు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు ప్లీయే అనే పద్ధతిని తయారుచేశారు. యోగా, చైనా వాళ్ల తాయ్ చీ, ఫెల్డెన్‌క్రైస్ అనే కదలికల శిక్షణ, నృత్యం, ఫిజియోథెరపీ, వీటిలోంచి సున్నితమైన కదలికలు ఏరి, జ్ఞాపకం తగ్గుతున్నవాళ్లకు సరిపోయేలా కూర్చారు. 2015లో ప్రచురించిన మొదటి ప్రయోగం ఒక పగటి సంరక్షణ కేంద్రంలో జరిగింది. పాల్గొన్నవాళ్లు ఇరవై మంది లోపే. తర్వాత అదే పద్ధతి ‘మూవింగ్ టుగెదర్’ అనే పేరుతో జూమ్ మీదికి వచ్చింది, జబ్బున్న మనిషీ ఇంట్లో చూసుకునే మనిషీ కలిసి చేరే క్లాసుగా. ఇంతవరకు వచ్చిన ఫలితాలు ఆశ కలిగించేవే. మనసు తేలిక పడటం, కుర్చీలోంచి లేవడం సులువవడం, ఒకరికొకరు దగ్గరగా ఉన్నట్టు అనిపించడం, ఇలాంటివి. అయినా చిన్న ప్రయోగాలు చిన్నవే. పెద్ద రుజువు లేని చోట దాన్ని పెద్దది చేసి చెప్పకూడదు.

మరి ఇంతమాత్రానికి అరగంట ఎందుకు పెట్టాలి? ఒంటికి ఉన్న జ్ఞాపకం గురించి తెలిస్తే దీనికి జవాబు దొరుకుతుంది.

1953లో హెన్రీ మొలైసన్ అనే అమెరికా యువకుడికి మూర్ఛలు తగ్గడం కోసం మెదడు ఆపరేషన్ చేశారు. కొత్త జ్ఞాపకాలను నిలబెట్టే హిప్పోకాంపస్ అనే భాగాన్ని రెండు వైపులా చాలావరకు తీసేశారు. ఆ రోజు నుంచి అతనికి కొత్త సంగతి ఏదీ గుర్తు నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే పరిశోధకురాలు అతనికి అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ గీసే పని ఇచ్చింది. ప్రతిరోజూ అతను ఈ పని కొత్తది, ఎప్పుడూ చేయలేదు అనుకున్నాడు. చెయ్యి మాత్రం రోజురోజుకీ తప్పులు తగ్గించుకుంటూ పోయింది. జరిగిన సంగతులను దాచుకునే చోటు వేరు, పని చేసే తీరును దాచుకునే చోటు వేరు అని ప్రపంచానికి తెలిసింది అలాగే. డిమెన్షియాలో ఎక్కువగా కనపడే రకమైన ఆల్జీమర్స్ ముందుగా దెబ్బతీసే వాటిలో హిప్పోకాంపస్ ఒకటి. కదలికల అలవాట్లను నడిపే లోపలి భాగాలు, చిన్నమెదడు చాలాకాలం వరకు కొంత మెరుగ్గానే ఉంటాయి. అందుకే పొద్దున తిన్నది గుర్తులేని అవ్వ వాకిట్లో కూర్చుని మల్లెపూలు తప్పు లేకుండా కడుతుంది. పార్కిన్సన్స్‌తో, లేదా లూయీ బాడీస్ అనే రకంతో వచ్చే డిమెన్షియాలో కదలికలు కూడా దెబ్బతింటాయి కాబట్టి అక్కడ ఈ సూత్రం అంతగా పనిచేయదు. ఏ రకమో డాక్టరును అడిగి తెలుసుకోవడం ఇందుకోసం కూడా అవసరం.

నాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చేది ఒకటుంది. మన ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పెద్దవాళ్ల ఒంట్లో ఇప్పటికే ఒక పెద్ద కదలికల ఖజానా ఉంది. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు వరినాట్లు వేసిన చేతులు. టంగుటూరు వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర కర్రలకు ఆకు అల్లిన వేళ్లు. సముద్రపు ఒడ్డున వల విసిరిన భుజాలు. గుళ్లో కోలాటం వేసిన కాళ్లు, చర్చిలో పాటకు చప్పట్లు కొట్టిన అరచేతులు. తాయ్ చీ భంగిమ పేరు చెబితే కనిగిరి అవ్వకు ఏమీ అర్థం కాదు. ‘బావిలో నీళ్లు తోడుదాం అవ్వా’ అని ఎదురుగా కూర్చుని రెండు చేతులతో చేద లాగినట్టు చూపిస్తే, చెప్పకుండానే ఆమె భుజాలు లేస్తాయి, పిడికిళ్లు బిగుస్తాయి. చేట చెరిగినట్టు మణికట్లు ఆడించడం, విత్తనాలు చల్లినట్టు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు నడుము తిప్పడం, కూర్చునే కోలాటం వేయడం, ఇవన్నీ ఫిజియోథెరపిస్టులు చేయించే కదలికలకు దగ్గరి చుట్టాలే. ఆన్‌లైన్ క్లాసు ఏ దేశం నుంచి వచ్చినా, ఇంట్లో పక్కన కూర్చున్న మనిషి ఈ మాటలు అందిస్తే అది మన క్లాసు అవుతుంది.

ఇక క్లాసు నడిచే తీరు. మంచి క్లాసులో పంతులమ్మ ఒకసారి ఒకే మాట చెబుతుంది. ‘కుడి చెయ్యి పైకెత్తి, ఎడమ కాలు ముందుకు పెట్టి, ఊపిరి పీల్చండి’ అనే వాక్యం డిమెన్షియా ఉన్న మనిషికి మూడు చిక్కుముళ్లు. చెయ్యి చూపించి, ఆగి, అందరూ ఎత్తేదాకా చూసి, తర్వాతే మరో మాట. మాట విని చేయలేనివాళ్లు కూడా చూసి చేయగలరు. అందుకే ఎదుటివాళ్ల కుడి వైపుకు సరిపోయేలా ఆమె తన ఎడమ చెయ్యి ఎత్తుతుంది, అద్దంలో మాదిరిగా. ప్రతి క్లాసూ ఒకే వరుసలో మొదలవుతుంది, ఒకే పాటతో ముగుస్తుంది. రోజూ కొత్త ఆసనం నేర్పే క్లాసు మనకు బాగుంటుంది, వాళ్లకు పనికిరాదు. అరగంట మొత్తంలో ముఖ్యమైనది కుర్చీలోంచి లేవడం, మళ్లీ కూర్చోవడం. పాదాలు వెనక్కి లాక్కుని, ముక్కు పాదాల మీదికి వచ్చేదాకా వంగి, అప్పుడు లేవడం. ఈ ఒక్కటి ఒంటికి అలవాటైతే బాత్రూములో, మంచం దగ్గర, ఆటో ఎక్కేటప్పుడు పట్టుకుని లేపే మనిషి నడుముకు ఎంత బరువు తగ్గుతుందో చూసుకునేవాళ్లకు తెలుసు.

ఆన్‌లైన్ అనేదానికి మన దగ్గర గట్టి కారణమే ఉంది. ఉదయగిరి నుంచి నెల్లూరుకో, కనిగిరి నుంచి ఒంగోలుకో ఒక అరగంట క్లాసు కోసం డిమెన్షియా ఉన్న మనిషిని బస్సెక్కించి తీసుకురావడం అయ్యే పని కాదు. కొత్త చోటు, కొత్త మనుషులు, ఎండ, దాహం. ఇల్లు చేరేసరికి ఇద్దరూ అలిసిపోతారు, ఆ రాత్రి నిద్ర ఉండదు. ఇంట్లో ఆయనకు తెలిసిన కుర్చీ ఉంది, తెలిసిన గోడ ఉంది. అయితే తెర కూడా తన ఇబ్బందులు తెచ్చుకుంటుంది. చేతిలో పట్టుకున్న ఫోన్‌లో పది చిన్న మొహాలు కనపడితే ఎవరు తనతో మాట్లాడుతున్నారో ఆయనకు తెలియదు. టీవీకి కలిపి, పంతులమ్మ ఒక్కరే పెద్దగా కనిపించేలా పెట్టండి. తన మొహం తెర మీద చూసుకుని ‘ఎవరో ముసలాయన వచ్చాడు’ అని భయపడేవాళ్లున్నారు, జబ్బులో అదొక లక్షణం. జూమ్‌లో మన బొమ్మ మనకు కనపడకుండా దాచే వీలుంది, అది వాడండి. ఆ గదిలో సీరియల్ శబ్దం, మిక్సీ శబ్దం లేకుండా చూడండి. వినికిడి మిషను ఉంటే పెట్టండి. సాయంత్రం పొద్దు వాలేకొద్దీ చాలామందికి గాబరా పెరుగుతుంది కాబట్టి పొద్దున టిఫిన్ అయ్యాక, ఎండ ముదరకముందు పెట్టుకోవడం మంచిది. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో చేయకూడదు.

యూట్యూబ్ వీడియో పెట్టి చేయిస్తే సరిపోదా? ఏమీ లేనిదానికంటే మేలే. కానీ వీడియో మనల్ని చూడదు. ఆయన చెయ్యి సగంలో ఆగిపోయిందని, ఆమె మొహం చిన్నబోయిందని దానికి తెలియదు. ‘పెద్దాయనా, ఈరోజు చొక్కా బాగుంది’ అని పలకరించదు. ఈ క్లాసుల్లో పలకరింపు వ్యాయామం అంత పని చేస్తుంది. అందుకే ఎదురుగా మనిషి ఉన్న క్లాసు, అదీ పదిమందికి మించనిది, వెతకమంటాను.

కుర్చీ, నేల గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ క్లాసుల్లో అసలు ప్రమాదం పడిపోవడమే. ప్లాస్టిక్ కుర్చీ నున్నటి నేల మీద వెనక్కి జారుతుంది, కాళ్లు విచ్చుకుంటాయి. చేతులు ఆనించుకునే బరువైన చెక్క కుర్చీ, వీపు వైపు గోడకు ఆనించి వేయాలి. చీమకుర్తి పక్కనే ఉన్న మనకు గ్రానైట్ నేలంటే ఇష్టం. ప్రపంచమంతా కొనే బ్లాక్ గెలాక్సీ అక్కడిదే, నల్లటి రాయిలో బంగారు చుక్కలతో మెరిసేది. డిమెన్షియా ఉన్న కంటికి మాత్రం అలా మెరిసే నేల తడిసినట్టు కనపడొచ్చు, గది అంచున నల్ల బోర్డరు గుంటలా కనపడొచ్చు. ఆయన గడప దగ్గర ఆగిపోయి కదలనంటే మొండితనం కాకపోవచ్చు, గుంట దాటడానికి భయపడుతూ ఉండొచ్చు. క్లాసు జరిగే చోట మెరుపు లేని, ఒకే లేతరంగు నేల ఉంటే మంచిది. నల్ల డోర్‌మ్యాట్ తీసేయండి. సాక్సులు వద్దు, ఉత్త కాళ్లో వెనక పట్టీ ఉన్న చెప్పులో మేలు. లేచిన వెంటనే కళ్లు తిరిగేవాళ్లుంటారు, బీపీ మాత్రలు వాడేవాళ్లలో మరీను. లేచాక కుర్చీ చేతులు పట్టుకుని పది అంకెలు లెక్కపెట్టాకే అడుగు.

పశ్చిమ ప్రకాశం వాళ్లు ఇంకొక మాట పట్టించుకోవాలి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లాలోవే, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చాయి. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరిన పెద్దవాళ్లలో వెన్నెముక, మెడ, మోకాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. ఎముక గట్టిపడినట్టుంటుంది కానీ పెళుసుగా ఉంటుంది. తెర మీద పంతులమ్మ ‘మెడ తిప్పండి, ఇంకొంచెం’ అన్నదని ఆ మెడను తిప్పకూడదు. ఆమె ఎక్కడో ఉంది, ఈ ఊరి నీళ్ల సంగతి ఆమెకు తెలియదు. చేరేముందే చెప్పాలి. ఒకసారి దగ్గర్లోని ఫిజియోథెరపిస్టు చేత చూపించుకుని, ఏ కీలు ఎంతవరకు వెళ్తుందో రాయించుకోవడం మేలు. డిమెన్షియా ఉన్న మనిషి నొప్పిని మాటల్లో చెప్పలేకపోవచ్చు. నుదురు ముడి పడటం, చెయ్యి విదిలించుకోవడం, ఉన్నట్టుండి తిట్టడం, ఇవే అప్పుడు చెప్పే మాటలు.

ఇప్పుడు చూసుకునే మనిషి దగ్గరికి వద్దాం. క్లాసులో చేరే ఇద్దరిలో ఆమె రెండో స్థానంలో ఉంటుంది, చాలా ఇళ్లల్లో ఆమెను అసలు లెక్కలోకే తీసుకోరు. డల్లాస్ కూతురు ఫీజు కడుతుంది, లింకు పంపుతుంది, పొద్దున తొమ్మిదిన్నరకు ‘నాయన్ని కూర్చోబెట్టారా?’ అని మెసేజ్ పెడుతుంది. కూర్చోబెట్టాల్సింది డెబ్బై ఏళ్ల తల్లి, లేకపోతే కోడలు. ఆ కోడలికి అప్పటికే పొయ్యి మీద కూర ఉంది, స్కూలుకు పోవాల్సిన పిలకాయలున్నారు, తడిసిన పక్కబట్టలున్నాయి. కెమెరా సర్దడం, కరెంటు పోతే మళ్లీ కలపడం, వద్దని మొరాయిస్తే బుజ్జగించడం అన్నీ ఆమె నెత్తినే పడితే, ఈ క్లాసు ఆమెకు ఇంకొక చాకిరీ అవుతుంది. అప్పుడు క్లాసు మానేసినా తప్పు లేదు.

సరిగ్గా నడిస్తే మాత్రం ఇది ఆ ఇంట్లో ఆమె కూర్చునే మొదటి అరగంట కావచ్చు. మంచి క్లాసులో కోడలు కూడా శిష్యురాలే. పక్క కుర్చీలో కూర్చుని తన భుజాలు తను దించుకుంటుంది, తన ఊపిరి తను చూసుకుంటుంది. ‘మామయ్యా, ఇటు చూడండి’ అని ఆయన్ని సరిదిద్దే పని పంతులమ్మ ఆమెకు అప్పగించదు. ఆయన చెయ్యి ఎత్తకపోతే ఎత్తకపోనీ. రోజంతా మందులు మింగించడం, స్నానం చేయించడం, వద్దు అనడం, పట్టుకోవడం, ఇవే ఇద్దరి మధ్య నడిచే సంబంధం. ఒకే పాటకు ఇద్దరూ చేతులు ఊపే అరగంటలో చేయించేవాళ్లు, చేయించుకునేవాళ్లు ఉండరు. ఫీజు కట్టే పిల్లలు ఆ డబ్బుతో పాటు ఆ అరగంట వంటకో, ఇంటి పనికో ఒక మనిషిని కూడా కుదర్చాలి. లేదా తామే తెర మీద చేరి, కనపడే కూతురిగా నాయన్ని పలకరిస్తూ చేయించాలి. అక్కడ రాత్రి అయినా సరే. దూరంలో ఉన్నవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే సాయం నాకు తట్టడం లేదు.

దగ్గరలో తెలుగు క్లాసు దొరకకపోతే నాలుగైదు కుటుంబాలు కలిసి పెట్టుకోవచ్చు. ఒక ఫిజియోథెరపిస్టు వారానికి రెండు పూటలు ఒప్పుకుంటే చాలు. డబ్బు కట్టని జూమ్ 40 నిమిషాలకు ఆగిపోతుంది, మనకు కావలసింది అంతకంటే తక్కువే. వాట్సాప్ వీడియో కాల్‌లో 32 మంది దాకా చేరొచ్చు. క్లాసు రికార్డు చేస్తే అందరి అనుమతి ఉండాలి, మతి తప్పిన మనిషి వీడియో ఊరి గ్రూపుల్లో తిరగకూడదు. మొదటి రెండు వారాలు పది నిమిషాలు చాలు. ఆయన వద్దంటే ఆ పూటకు వదిలేయండి, పక్కన కూర్చుని చూసినా ఆయన క్లాసులో ఉన్నట్టే. జబ్బు ముదిరి కూర్చోలేని దశ వచ్చాక ఇదే క్లాసు మంచం దగ్గర అరచేతులకు కొబ్బరినూనె రాస్తూ, వేళ్లు ఒక్కొక్కటే మెల్లగా చాపుతూ సాగొచ్చు.

ఏ క్లాసుకైనా ముందు డాక్టరు ఉండాలి. విటమిన్ బీ12 తగ్గడం, థైరాయిడ్, మనసు కుంగిపోవడం లాంటివి కూడా డిమెన్షియాలా కనపడతాయి, వాటికి వైద్యం ఉంది. నిన్నటిదాకా మామూలుగా ఉన్న మనిషి ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి అయోమయంలో పడితే, అది మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్లో, సోడియం తగ్గడం వల్లో, రోహిణి కార్తె ఎండకు ఒంట్లో నీళ్లు ఇంకిపోవడం వల్లో కావచ్చు. ఆ రోజు క్లాసు సంగతి వదిలేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చూసుకునేవాళ్లకే నిద్ర లేక, దుఃఖం ఆగక ఇబ్బందిగా ఉంటే 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్లకు సంబంధించిన మిగతా సాయానికి ఎల్డర్‌లైన్ 14567. ప్రపంచ ఆరోగ్య సంస్థ చూసుకునేవాళ్ల కోసం తయారుచేసిన ఐసపోర్ట్ అనే శిక్షణ కూడా ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ఇంగ్లీషు చదవగలిగిన పిల్లలు దాన్ని చదివి, రోజూ కాస్త కాస్త అమ్మకు ఫోన్‌లో తెలుగులో వివరించొచ్చు.